చెత్తదిబ్బపై ఆటస్థలం

ప్రతి పట్టణానికీ శివార్లలో ఒక చెత్తదిబ్బ ఉంటుంది. ఇటుకల కోసం మన్ను తీసిన గొయ్యి, రాయి కొట్టగా మిగిలిన క్వారీ, ఎండిపోయిన కుంట - ఇట్లా ఎవరికీ అక్కరలేని చోటు చూసి అక్కడ బండ్లకొద్దీ చెత్త పోయటం మొదలుపెడతారు. ఇరవై ముప్పై ఏళ్లు గడుస్తాయి. ఊరు పెరుగుతుంది. ఒకప్పుడు ఊరికి దూరమనుకొన్న దిబ్బ చుట్టూ ఇళ్లు, బడి, అంగళ్లు వెలుస్తాయి. అప్పుడు పురపాలక సంఘంవారు చెత్త పోయటం మాన్పించి, పైన కొంత మన్ను పరిపించి, కంచె వేయిస్తారు. వానాకాలం వెళ్లేసరికి దానిపై గడ్డి మొలుస్తుంది. పిల్లలు కంచె దూరి బంతాట మొదలుపెడతారు.

నాలుగైదు ఎకరాల ఖాళీ నేల ఊరి మధ్యలో దొరకటం సామాన్య విషయం కాదు. అందుచేత దానిని ఆటస్థలం చేయాలని కొందరు, తోట వేయాలని కొందరు, ఇళ్లస్థలాలుగా పంచాలని మరికొందరు కోరుతారు. ఈ కోరికలలో ఏది తీర్చదగినది, ఏది తీర్చరానిది? ఈ ప్రశ్నకు సమాధానం నేలపైన లేదు. నేల లోపల ఉన్నది. దిబ్బలో చెత్త పోయటం ఆగినంత మాత్రాన అందులో జరుగుతున్న పని ఆగదు. మూసివేసిన చెత్తదిబ్బ నివురుగప్పిన నిప్పు వంటిది.

దిబ్బ కడుపులో జరిగే పని

మన పట్టణాల చెత్తలో దాదాపు సగం కుళ్లే పదార్థమే: కూరగాయల తొక్కలు, ఎంగిలి మెతుకులు, విస్తళ్లు, పూలు, ఆకులు. చెత్త పడిన కొద్ది రోజులపాటు దాని సందులలో గాలి ఉంటుంది. ఆ గాలిలోని ప్రాణవాయువును పీల్చుకొంటూ ఒక తరగతి సూక్ష్మజీవులు చెత్తను కుళ్లజేస్తాయి. అప్పుడు వేడి పుడుతుంది. కొత్త పెంటకుప్పలో చేయి పెట్టి చూచినవారికి ఈ వేడి అనుభవమే.

పైన మరింత చెత్త పడి గాలి చొరకుండా పోయినపుడు ఈ జీవులు పని చాలిస్తాయి. ప్రాణవాయువు అక్కరలేని మరొక తరగతి జీవులు రంగంలోకి వస్తాయి. ఇవి చెత్తను పులియబెట్టి ఆమ్లాలుగా మారుస్తాయి. దిబ్బ నుండి ముక్కులు పగిలే కంపు వచ్చేది ఈ దశలోనే. కొన్ని నెలలకో, ఏడాదికో మూడవ తరగతి జీవులు బలపడి ఆ ఆమ్లాలను తిని మీథేన్ వాయువును, బొగ్గుపులుసు వాయువును విడుస్తాయి. ఈ చివరి దశ ఇరవై ముప్పై సంవత్సరాలు సాగుతుంది.

మీథేన్ మనకు కొత్తది కాదు. గోబర్ గ్యాసు పొయ్యిలో మండేది అదే. 1776లో ఇటలీ శాస్త్రజ్ఞుడు అలెస్సాండ్రో వోల్టా మజ్జోరే సరస్సు ఒడ్డున బురదను కర్రతో కెలికి, పైకి వచ్చే బుడగలను సీసాలో పట్టి, అవి మండుతాయని చూపాడు. సరస్సు అడుగున కుళ్లిన ఆకులు చేసిన పనినే దిబ్బ లోపల ఊరి చెత్త చేస్తున్నది. దిబ్బ నుండి వచ్చే వాయువులో సుమారు సగానికి పైగా మీథేన్, మిగిలినదానిలో అత్యధిక భాగం బొగ్గుపులుసు వాయువు ఉంటవి. గాలిలో మీథేన్ 5 శాతం నుండి 15 శాతం వరకు కలిసినపుడు ఒక్క నిప్పురవ్వ తగిలితే చాలు, పేలిపోతుంది. అంతకు తక్కువైనా, ఎక్కువైనా పేలదు. కాబట్టి బయలు ప్రదేశంలో గాలికి పలచబడే మీథేన్ కంటె, గదిలోనో నేలమాళిగలోనో చేరి నిలిచిన మీథేన్ చాల ప్రమాదకరం.

లోస్కో నేర్పిన పాఠం

ఇంగ్లండులో డెర్బీషైర్ జిల్లాలో లోస్కో అనే చిన్న గ్రామమున్నది. అక్కడ ఇటుకల కోసం తవ్విన పాత గోతిని ఇంటి చెత్తతో నింపి, 1982 నాటికి పోయటం ఆపివేశారు. తరువాత దగ్గరలోని కొన్ని తోటలలో మొక్కలు చచ్చిపోవటం, నేల వెచ్చగా ఉండటం కనిపించింది. దాని అర్థం ఆనాడు సరిగా గ్రహింపబడలేదు.

1986 మార్చి 24వ తేదీ తెల్లవారుజామున ఆ దిబ్బకు సమీపంలో ఉన్న ఒక ఇల్లు పేలి నేలమట్టమైంది. ఇంట్లోని ముగ్గురూ తీవ్రంగా గాయపడ్డారు; అదృష్టవశాత్తు ప్రాణాలతో బయటపడ్డారు. ఆ ఇల్లు దిబ్బపై కట్టినది కాదు. దాని పక్కన కొంత దూరంలో కట్టినది. మరి వాయువు అక్కడికి ఎట్లా చేరింది?

ఆ రాత్రి తుఫాను వాతావరణం వల్ల గాలి ఒత్తిడి త్వరత్వరగా పడిపోయింది. ఏడు గంటలలో సుమారు 29 మిల్లీబార్లు తగ్గింది. మామూలు రోజులలో బయటి గాలి నేలను అదిమి పట్టి ఉంచుతుంది. ఆ ఒత్తిడి తగ్గగానే దిబ్బ లోపలి వాయువు, మూత తీసిన సోడాబుడ్డిలోని వాయువు వలె బయటకు పొంగుతుంది. లోస్కోలో అది రాతి పొరల పగుళ్ల వెంట పక్కలకు పాకి, ఇంటి అడుగున చేరింది.

ఈ సంగతి కోస్తా ఆంధ్రవారు ప్రత్యేకంగా గమనించదగినది. బంగాళాఖాతంలో పుట్టిన తీవ్రమైన తుఫాను తీరం దాటేటప్పుడు దాని కేంద్రం వద్ద ఒత్తిడి ఇంతగానూ, ఇంతకు మించిగానూ పడిపోతుంది. అదే సమయంలో కుండపోత వాన కురిసి నేల పైపొర నీటితో నిండి రంధ్రాలు మూసుకొని పోతవి. పైకి దారి లేని వాయువు పక్కదారి వెదుకుతుంది. తుఫాను వచ్చిన రాత్రి తలుపులు, కిటికీలు బిగించుకొని ఉండే ఇళ్లు పాత చెత్తదిబ్బను ఆనుకొని ఉంటే ఏమి జరగవచ్చునో ఊహించవచ్చు.

నీరు, కుంగుబాటు

వాయువు తరువాత చెప్పవలసినది నీరు. ఒక ఎకరం నేలపై ఏడాదికి ఒక మీటరు వాన కురిస్తే ఆ నీరు 40 లక్షల లీటర్లవుతుంది. అందులో నాలుగవ వంతు మాత్రమే దిబ్బలోకి ఇంకినా పది లక్షల లీటర్లు. ఆ నీరు చెత్త గుండా దిగుతూ ఆమ్లాలను, లవణాలను, అమ్మోనియాను, పాత బ్యాటరీలు, రంగు డబ్బాలలోని లోహాలను కరిగించుకొని, టీ డికాక్షను వలె నల్లబడి అడుగుకు చేరుతుంది. పూర్వపు దిబ్బల అడుగున ఏ అడ్డూ లేదు కనుక అది భూగర్భజలంలో కలిసి పల్లపువైపు బావులకూ, బోర్లకూ చేరుతుంది.

మూడవది కుంగుబాటు. చెత్త కుళ్లి వాయువుగా, నీరుగా మారిపోయిన మేరకు దిబ్బ పల్లమవుతుంది. కొన్ని దశాబ్దాలలో దాని లోతులో ఐదవ వంతు వరకు, ఒక్కొక్కచోట అంతకు మించి కూడ తగ్గవచ్చు. అంతటా సమంగా కుంగితే ఇబ్బంది లేదు. ఒకచోట కొమ్మలూ రెమ్మలూ, పక్కనే ఇటుక ముక్కలూ ఉంటాయి కనుక ఒకచోట అడుగు, మరొకచోట అంగుళం దిగుతుంది. అట్టి నేలపై కట్టిన గోడ పగులుతుంది. గొట్టం విరుగుతుంది. విరిగిన గొట్టం సందు నుండి వాయువు ఇంటిలోకి దారి చేసుకొంటుంది. ఇళ్లస్థలాల కోరిక ఎందుకు తీర్చరానిదో ఇప్పుడు స్పష్టమవుతున్నది.

మూత వేసే విధానం

ఈ మూడు చిక్కులకూ మొదటి విరుగుడు సరియైన మూత. నాలుగు లారీల మన్ను పరచటం మూత కాదు. మొదట దిబ్బను చదును చేసి, గట్టిగా అణచి, వాన నీరు నిలువకుండా నడిమి నుండి అంచులకు వాలు ఉండేటట్లు తీర్చాలి. దానిపై కంకర పొర వేస్తారు. ఇది వాయువు చేరుకొని గొట్టాలవైపు నడిచే దారి. దానిపై బంకమట్టిని పలుచని పొరలుగా పరచి, తగు తేమతో దిమ్మిస తొక్కించి 60 సెంటీమీటర్ల మందాన అడ్డుపొర చేస్తారు. దానిపై నీరు పక్కకు జారే ఇసుక, కంకర పొర 15 సెంటీమీటర్లు. అన్నిటికీ పైన మొక్కలు పెరిగే మన్ను 45 సెంటీమీటర్లు. ఈ కొలతలు మన దేశంలో 2000 సంవత్సరంలో వెలువడిన పట్టణ ఘనవ్యర్థాల నియమాలలో ఇవ్వబడినవి.

ఆ నియమాల ప్రకారం బంకమట్టి పొరలో నీరు దిగే వేగం సెకనుకు ఒక సెంటీమీటరులో కోటవ వంతుకు మించరాదు. లెక్క కడితే ఇది ఏడాదికి సుమారు 3 సెంటీమీటర్లు. అంటే 60 సెంటీమీటర్ల పొరను దాటుటకు నీటిచుక్కకు దాదాపు ఇరవై ఏళ్లు పడుతుంది. ఇక్కడ ఒక జాగ్రత్త అవసరం. మన నల్లరేగడి నీటిని బాగా ఆపుతుంది కాని, ఎండాకాలంలో బీటలు వారుతుంది. అందుచేత దానిని వట్టిగా ఎండకు వదలరాదు. పైమన్ను, గడ్డి దానికి గొడుగుగా ఉండి తీరాలి. బంకమట్టి దొరకని చోట మందపు ప్లాస్టిక్ పరుపు వాడుతారు.

పైన మూత ఎంత బాగా పడితే వాయువు పక్కలకు పోయే భయం అంత హెచ్చు. కనుక మూతతోపాటు వాయువుకు దారి కూడ చూపాలి. పెద్ద దిబ్బలలో బావుల వంటి గొట్టాలు దించి, వాయువును తోడి, విద్యుత్తు తీస్తారు. చిన్న ఊళ్లకు ఇది గిట్టుబాటు కాదు. ఒక ఉదాహరణ చూద్దాం. 20,000 టన్నుల చెత్త ఉన్న దిబ్బలో టన్నుకు 150 ఘనమీటర్ల చొప్పున వాయువు పుట్టిందనుకొంటే మొత్తం 30 లక్షల ఘనమీటర్లు. ఇది పాతికేళ్లలో వస్తే సగటున గంటకు 14 ఘనమీటర్లు మాత్రమే. అందులో సగం చేజిక్కినా, దానితో నడిచే యంత్రం ఇచ్చే విద్యుత్తు పది కిలోవాట్ల పైచిలుకు. అది కూడ ఏటేటా తగ్గిపోయేది.

ఐతే ఈ కొద్దిపాటి వాయువును అట్లా వదలివేయవచ్చునా? వదలరాదు. నూరేళ్ల లెక్కన చూస్తే భూమిని వేడెక్కించటంలో మీథేన్ బొగ్గుపులుసు వాయువు కంటె సుమారు 28 రెట్లు బలమైనది. చిన్న దిబ్బలకు ప్రకృతిలోనే ఒక ఉపాయమున్నది. మీథేన్‌ను ఆహారంగా తినే బాక్టీరియాలను 1906లో డచ్చి శాస్త్రజ్ఞుడు సోన్‌గెన్ కనుగొన్నాడు. ఇవి మీథేన్‌ను ప్రాణవాయువుతో కలిపి బొగ్గుపులుసు వాయువుగా, నీరుగా మారుస్తాయి. దిబ్బ నుండి వచ్చే గొట్టాన్ని ఒక మీటరు మందాన పరచిన మాగిన కంపోస్టు, చెక్కపేళ్ల మిశ్రమం కిందికి చేర్చితే ఆ జీవులు తామే వచ్చి చేరి, రాత్రింబగళ్లు కూలి అడగకుండా పని చేస్తాయి. ఆ పరుపు మరీ ఎండిపోకుండా, నీట మునగకుండా చూస్తే చాలు. దిబ్బ అంచున లోతుగా కందకం తవ్వి కంకరతో నింపితే, పక్కలకు పాకే వాయువు ఇళ్లవైపు పోకుండా ఆ కంకర గుండా పైకి వచ్చేస్తుంది.

పైన ఏమి ఉండవచ్చు?

ఇట్లా సిద్ధమైన నేలపై మూతను పొడవని పనులన్నీ చేసుకోవచ్చు. గడ్డి మైదానం అన్నిటికంటె మేలు. కుంగినచోట మన్ను పోసి మళ్లీ సరిచేయవచ్చు. నడకబాటలు, చిన్న పొదలు, తేనెటీగలు వచ్చే పూలమొక్కలు కూడ తగినవే. పెద్ద చెట్లకు ఈ నేల సరిపడదు. మూత సరిగా లేనిచోట వాయువు వేళ్ల వద్దనున్న ప్రాణవాయువును తరిమివేసి చెట్టును చంపుతుంది; బ్రతికిన చెట్టు వేళ్లు మూతను చీల్చవచ్చు. దిబ్బపై కూరగాయలు పండించటం, దాని సమీపంలో తాగునీటికి బోరు వేయటం తగదు.

అమెరికాలో మసాచుసెట్స్ రాష్ట్రంలోని కేంబ్రిడ్జి నగరంలో ఇటుకమట్టి తీసిన గోతులు కాలక్రమాన నగరపు చెత్తదిబ్బగా మారాయి. 1970 ప్రాంతంలో చెత్త పోయటం ఆగింది. తరువాత భూగర్భ రైలుమార్గం తవ్వగా వచ్చిన మట్టి కూడ అక్కడికే చేరింది. 1990లో ఆ 50 ఎకరాలు డేనేహీ పార్కుగా తెరవబడినవి. నేడు అక్కడ బంతాటల మైదానాలు, నడకబాటలు ఉన్నవి. అదే రాష్ట్రంలో అనేక చిన్న ఊళ్లు మూసిన దిబ్బలపై సౌరవిద్యుత్ ఫలకాలు పెట్టుకొన్నవి. స్తంభాలు నేలలో పాతితే మూతకు చిల్లు పడుతుంది కనుక ఫలకాలను బరువైన కాంక్రీటు దిమ్మెలపై నిలబెడతారు. వాయువు వలె ఎండ ఏటేటా తగ్గేది కాదు.

వర్జీనియా బీచ్ నగరంలో చెత్తను, మంచి మన్నును పొరలు పొరలుగా పేర్చి సుమారు 60 అడుగుల ఎత్తున గుట్ట చేసి 1974లో పార్కుగా తెరిచారు. దానికి 'మౌంట్ ట్రాష్‌మోర్' అని పేరు, చెత్తకొండ అన్నమాట. 1992 ఏప్రిల్ 1న స్థానిక రేడియోవారు ఆ కొండ వాయువుతో నిండి పేలబోతున్నదని వేళాకోళానికి ప్రకటించగా, ఊరివారు చాలమంది నిజమని నమ్మి భయపడ్డారు. కొండ పేలలేదు. ఐతే దాని కడుపులో ఏమున్నదో జనం మరువలేదని ఆ రోజు తేలింది.

మరచిన చోట ఏమవుతుందో కాలిఫోర్నియాలోని ఫ్రెస్నో చెబుతుంది. చెత్తను కందకాలలో పోసి, అణచి, ఏ రోజు చెత్తను ఆ రోజే మట్టితో కప్పే పద్ధతి 1937లో అక్కడ ఆరంభమైంది. ఈగలను, ఎలుకలను అరికట్టిన ఆ పద్ధతిని దేశదేశాలు అనుసరించాయి. ఆ స్థలం 1987లో మూతపడింది. దాని వాయువు, మలినాలు చుట్టుపట్ల నేలలోకి, నీటిలోకి పాకటం వల్ల 1989లో అమెరికా ప్రభుత్వం దానిని తక్షణం శుద్ధిచేయవలసిన స్థలాల జాబితాలో చేర్చింది. 2001లో అదే స్థలం జాతీయ చారిత్రక స్థలంగా కూడ గుర్తింపు పొందింది. పైన మట్టి కప్పటం తెలిసినవారికి అడుగున అడ్డు వేయటం ఇంకా తెలియని కాలమది.

తవ్వి తీసివేయటం

మూత వేయటం ఒక మార్గం. దిబ్బనే లేకుండా చేయటం రెండవ మార్గం. మన దేశంలో ఇటీవల ఇది బాగా వ్యాప్తిలోకి వచ్చింది. పాత దిబ్బను పొరలుగా తవ్వి, పొడవైన వరుసలుగా పేర్చి, సూక్ష్మజీవుల ద్రావణం చల్లి, కొన్ని వారాలపాటు తిరగవేస్తారు. కంపు, తేమ తగ్గిన తరువాత రైతు ధాన్యం జల్లించినట్లు పెద్ద జల్లెడలలో జల్లిస్తారు. రాళ్లు, ఇటుకలు పల్లాలు పూడ్చుటకు పోతవి. ప్లాస్టిక్, గుడ్డపేలికలు సిమెంటు బట్టీలలో ఇంధనమవుతాయి. మిగిలిన సన్నని మన్నులో లోహాలు ఉండవచ్చు కనుక పరీక్షించకుండా పొలాలకు తోలరాదు.

మధ్యప్రదేశ్‌లోని ఇండోర్ నగరం 2018లో దేవగురాడియా వద్దనున్న పది లక్షల టన్నులకు పైబడిన పాత చెత్తను ఈ పద్ధతిన తొలగించి సుమారు 100 ఎకరాల నేలను తిరిగి సంపాదించుకొన్నది. ఛత్తీస్‌గఢ్‌లోని అంబికాపూర్ చిన్న పట్టణం. అక్కడి 16 ఎకరాల చెత్తదిబ్బ నేడు ప్రజలకు పారిశుద్ధ్యాన్ని గురించి తెలిపే ఉద్యానవనం. ఇంటింటి చెత్తను మహిళా సంఘాలవారు సేకరించి, తడిపొడిగా వేరుచేయటం వల్ల అక్కడ కొత్త దిబ్బ అవసరం తప్పింది. విజయవాడలో కూడ అజిత్‌సింగ్ నగర్‌లోని పాత గుట్టను ఇట్లాగే తవ్వి జల్లించారు.

ఏ మార్గం మేలు? దిబ్బ చిన్నదై, అడుగు నీరు పైకే ఉండి, చుట్టూ బావులు, ఇళ్లు ఉంటే తవ్వి తీయటం మంచిది. ఆస్పత్రుల చెత్త, రసాయనాలు కలిసిన దిబ్బను కెలకటం ప్రమాదం. లోతైన పాత క్వారీని తవ్వటం ఖర్చు. అట్టివాటికి మూతే శరణ్యం.

ఎవరు కనిపెట్టి ఉండాలి?

ఏ మార్గమైనా మొదటి పని పరీక్షే. దిబ్బ ఎప్పుడు మొదలైంది, ఏమేమి పోశారు, అంచులు ఎంతవరకు అనే వివరాలు పాత ఉద్యోగులను, బండ్లు తోలినవారిని అడిగి రాసుకోవాలి. నాలుగువైపులా గొట్టాలు దించి వాయువును కొలవాలి. పల్లపువైపు బావుల నీటిని పరీక్షించాలి. ఎండాకాలంలో ఒకసారి కొలిచి ఊరుకొంటే చాలదు. వానలలోనూ, వాయుగుండం పట్టిన రోజులలోనూ కొలవాలి. లోస్కోలో ప్రమాదం జరిగినది అట్టి రోజుననే.

మన దేశంలో 2000లోనూ, తరువాత 2016లోనూ వెలువడిన నియమాలు మూసిన దిబ్బను కనీసం 15 సంవత్సరాలు కనిపెట్టి ఉండాలని నిర్దేశించాయి. ఆ తరువాతనైనా వాయువు, నీరు పరిమితులకు లోబడి ఉన్నవనీ, నేల నిలకడ పొందిందనీ తేలినపుడే నివాసాల ఆలోచన చేయవచ్చునని చెప్పాయి. పదిహేనేళ్లంటే పురపాలక సంఘానికి మూడు ఎన్నికల కాలం. ప్రారంభోత్సవం చేసినవారు ఒకరు, గొట్టాల కొలతలు చూడవలసినవారు మరొకరు అవుతారు. అందుచేత పార్కుకు పెట్టే ఖర్చుతోపాటు కొలతలకు, మూత మరమ్మతుకు కావలసిన డబ్బు కూడ ఆరంభంలోనే వేరుగా ఉంచాలి. కొలతల పట్టికను పార్కు గుమ్మం వద్ద అందరికీ కనబడేటట్లు పెడితే కనిపెట్టేవారు ఒక్క కార్యాలయంలో కాక ఊరంతా ఉంటారు. పక్కనున్న బడిపిల్లలు వాననూ, గాలి ఒత్తిడినీ, గొట్టాల లెక్కలనూ రాసుకొంటే వారికి అంతకంటె మంచి విజ్ఞానశాస్త్ర పాఠం వేరే అక్కరలేదు.

తాతలు పారవేసిన చెత్తపై మనుమలు ఆడుకోవటంలో తప్పులేదు. కాలి కింద ఏమున్నదో వారికి తెలిసి ఉండాలి, తెలిసినవారు దానిని చూస్తూ ఉండాలి. అప్పుడే ఆ నాలుగెకరాలు ఊరికి ఆస్తి అవుతాయి.